మీ అబ్బాయి షార్ట్‌స్టాప్‌లో ఎన్నాళ్లు నిలబడతాడు?

ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలు, నల్లగొండకు చెందిన ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో సాఫ్ట్‌బాల్ గురించి పది వాక్యాలు రాశాను. మన బడుల్లో పిల్లలు ఆ ఆట ఆడుతున్నారనీ, దానికి అన్న వరస అయిన బేస్‌బాల్ సంగతి ఇళ్లలో పెద్దవాళ్లకు తెలియదనీ అందులోని సారాంశం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్పై ఏళ్లు ఈల ఊదిన వాణ్ని, జవాబులు రాయడం అంతకన్నా కష్టమని ఇప్పుడు తెలుస్తోంది. అయిదు ఉత్తరాలు ఏరి పెట్టుకున్నాను. మొదటి దానికే సగం కాగితం అయిపోయింది, మిగిలినవాళ్లు మన్నించాలి.

ప్రశ్న: సార్, మాకు కట్టంగూరు దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా అబ్బాయికి 15 ఏళ్లు. బడి జట్టులో షార్ట్‌స్టాప్. రాత్రుళ్లు ఫోనులో అమెరికా మ్యాచ్‌లు చూస్తాడు. ప్రొఫెషనల్ ఇన్‌ఫీల్డర్ అవుతానంటున్నాడు, 11 వేలు పెట్టి గ్లవ్ కొనమంటున్నాడు. అసలు అది ఎలాంటి కొలువు? ఎన్నేళ్లు ఉంటుంది? చివరికి చేతిలో ఏం మిగులుతుంది?
ఒక తండ్రి, కట్టంగూరు మండలం

జవాబు: కొలువు అన్నారు, ఆ మాట నాకు నచ్చింది. పేకలోని డైమను గుర్తులా మైదానంలో నాలుగు బేస్‌లు ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి 90 అడుగులు. లోపలి వైపు కాపలా కాసే నలుగురు ఇన్‌ఫీల్డర్లు. ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌ల దగ్గర ఒక్కొక్కరు, సెకండ్‌కూ థర్డ్‌కూ నడుమ షార్ట్‌స్టాప్. బ్యాటర్ కొట్టి ఫస్ట్ బేస్ చేరడానికి పట్టేది సుమారు నాలుగుంపావు సెకన్లు. అంతలో మీ అబ్బాయి నేలబారు బంతిని ఆపాలి, గ్లవ్‌లో నుంచి చేతిలోకి తీసుకోవాలి, ముప్పై మీటర్లు దాటి విసరాలి. చేతిలో బంతి ఒక్కసారి తడబడితే అవతలివాడు బేస్ మీద నిలబడి నవ్వుతుంటాడు. ఆ తప్పును ‘ఎర్రర్’ అని అతని పేరు మీద రాస్తారు. రిటైరయ్యాక కూడా ఆ అంకె అలాగే ఉంటుంది. మీ అబ్బాయి ఫోనులో చూసేవి గాల్లోకి దూకి పట్టిన బంతులే అయి ఉంటాయి. జీతం మాత్రం రోజూ వచ్చే మామూలు బంతిని రోజూ ఆపినందుకు.

ఇక దారి. అమెరికా మేజర్ లీగ్‌లో 30 జట్లు, ఒక్కో జట్టుకు 26 మంది. లెక్క వేస్తే 780 కుర్చీలు. వాటికి ఎగబాకాలంటే కింద మెట్లున్నాయి: రూకీ, సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. అమెరికా, కెనడా, ప్యూర్టోరికో పిల్లలను డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు. మిగతా దేశాల పిల్లలతో జట్లు నేరుగా ఒప్పందం చేసుకుంటాయి. మీ బత్తాయి మొక్క నాటిన నాలుగో ఏడో అయిదో ఏడో గానీ కాపు చేతికి రాదు కదా, ఇక్కడ కూడా చాలామందికి అన్నేళ్లు మెట్ల మీదే గడుస్తాయి. ఎక్కువమంది ఆ మెట్ల మీద నుంచే ఇంటికి పోతారు. 2023లో ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందంలో ట్రిపుల్-ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు, రూకీ మెట్టు మీద 19,800. పై మెట్టు ఎక్కినవాడికి 2024లో కనీసం 7,40,000 డాలర్లు. ఒక్క మెట్టుకు ఇరవై రెట్ల తేడా. పైకి వెళ్లినా తనకు నచ్చిన జట్టుతో బేరమాడే స్వేచ్ఛ ఆరేళ్ల సర్వీసు నిండితేనే. అయితే ఒక మంచి సంగతి, మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసు ఉంటే చాలు, పింఛను హక్కు వస్తుంది. నా పింఛను కాగితాల కోసం నేను ఎన్ని నెలలు తిరిగానో రాయను గానీ, ఈ 43 రోజుల నియమం చదివిన రోజు కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎన్నేళ్లు అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు కాళ్లలో ఉంది. ఇన్‌ఫీల్డర్లలో షార్ట్‌స్టాప్‌కు ఎక్కువ నేల కాపాడే పని, ఎక్కువ పరుగు, పొడుగైన విసురు. వయసు మీద పడే కొద్దీ మోకాళ్లు ముందుగా చెబుతాయి. అప్పుడు తెలివైనవాడు జరుగుతాడు. షార్ట్‌స్టాప్ నుంచి థర్డ్ బేస్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు. షికాగో కబ్స్ వాళ్ల ఎర్నీ బ్యాంక్స్ 1953లో షార్ట్‌స్టాప్‌గా వచ్చి, 1962 నుంచి ఫస్ట్ బేస్‌కు మారి, 512 హోమ్ రన్లతో (మన క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు) ముగించాడు. బాల్టిమోర్ వాళ్ల కాల్ రిప్కెన్ అయితే ఇంకా మొండి మనిషి. 1982 మే 30న మొదలుపెట్టి 1998 సెప్టెంబరు 19 దాకా ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. వరసగా 2,632 మ్యాచ్‌లు. అంతకుముందు లూ గెహ్రిగ్ పేర 2,130 మ్యాచ్‌ల రికార్డు ఉండేది. 1995 సెప్టెంబరు 6న రిప్కెన్ దాన్ని దాటినప్పుడు సొంత మైదానంలో జనం 22 నిమిషాలు చప్పట్లు కొట్టారు. ఆట ఆగిపోయింది. అతను కంచె వెంబడి ఒక చుట్టు తిరిగి, చేతులు చాచినవాళ్లందరికీ చెయ్యి కలిపాడు. ఆ రిప్కెన్ కూడా 1997లో థర్డ్ బేస్‌కు జరిగాడు, 2001లో మానేశాడు. మొత్తం 21 సీజన్లు, అన్నీ ఒకే జట్టుకు. నా సర్వీసులో సెలవు పెట్టని ఏడాది ఒక్కటి కూడా లేదు. ఆయన ఫోటోకు దండం పెట్టడం తప్ప ఏం చేయగలను?

మీ అబ్బాయి ఎత్తు రాయలేదు. తక్కువైతే దిగులు వద్దు. వెనిజువెలా కుర్రాడు హోసే ఆల్టువే ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. ఎంపికకు పోతే మొదటి రోజే పొట్టివాడివని ఇంటికి పంపేశారు. మర్నాడు మళ్లీ పోయి నిలబడ్డాడు. 2007లో 15,000 డాలర్లకు సంతకం చేయించుకున్నారు. సెకండ్ బేస్‌లో ఆడి 2017లో తన లీగ్‌కే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అదే ఏడాది అతని హ్యూస్టన్ జట్టు బంతి ఎలా వేయాలో ఎదుటివాళ్లు చేసుకునే సైగలను కెమెరాతో దొంగచాటుగా చూసిందని 2020 జనవరిలో తేలింది. జట్టు మేనేజరును, జనరల్ మేనేజరును ఒక ఏడాది పక్కన పెట్టారు, ఆటగాళ్లకు శిక్ష లేదు. పొట్టి కుర్రాడి కథ చెప్పి ఈ ముక్క దాచడం నాకు చేతకాదు.

మన దేశం నుంచి ఎవరైనా పోయారా అని మీరు అడగబోతారు. 2008లో ఒక విసురు పోటీ గెలిచి, ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్లు, ఇద్దరూ పిచర్లు, అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాళ్లు. మేజర్ లీగ్ దాకా పోలేదు. రింకూ తర్వాత కుస్తీ ప్రదర్శనల్లోకి వెళ్లాడు. ఒక సంగతి గమనించండి. బలమైన భుజం ఉన్నవాడికి పద్దెనిమిదేళ్లకు కూడా విసరడం నేర్పవచ్చు. నేలబారు బంతి ఏ వైపు ఎగురుతుందో కంటికి తెలియాలంటే చిన్నప్పటి నుంచి వేల బంతులు పట్టి ఉండాలి. పిచర్‌ను పోటీ పెట్టి వెతకవచ్చు గానీ ఇన్‌ఫీల్డర్‌ను అలా వెతకలేరు.

కాబట్టి నా మాట ఇది. బేస్‌బాల్ ఆడి ఇల్లు గడుపుకునే పరిస్థితి మన దేశంలో లేదు. ముంబై కోబ్రాస్ అని ఒక జట్టు ఉంది గానీ, అది ఆడే లీగ్ దుబాయ్‌లో నడుస్తుంది. అమెరికా ఆశ మీద చదువు ఆపనివ్వకండి. ఆటను మాత్రం ఆపకండి. ఎందుకంటే జాతీయ పోటీల్లో ఆడిన కాగితానికి విలువ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో ఫారం-1 అంతర్జాతీయ పోటీలకు, ఫారం-2 జాతీయ పోటీలకు, ఫారం-3 విశ్వవిద్యాలయాల పోటీలకు, ఫారం-4 బడి పిల్లల జాతీయ పోటీలకు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులోని ఆటల జాబితా చూసి దరఖాస్తు చేయాలి. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడాతో రెండేళ్లు తిరిగిన పిల్లవాడిని నేను ఎరుగుదును. డిగ్రీ తర్వాత పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, వ్యాయామ ఉపాధ్యాయుల చదువు బీపీఈడీ చేస్తే నాలాగా ఈల దొరుకుతుంది.

గ్లవ్ మాట. 11 వేలది ఇప్పుడు వద్దు. ఇన్‌ఫీల్డర్‌కు పదకొండున్నర అంగుళాలకు అటూ ఇటూగా ఉన్న చిన్న గ్లవ్ కావాలి. లోతు తక్కువ ఉంటేనే బంతి వెంటనే చేతికి వస్తుంది. పన్నెండు దాటినవి వెనక అవుట్‌ఫీల్డ్‌లో నిలబడేవాళ్లవి. ఒక్క షరతు, బేస్‌బాల్‌కే ఆ కొలత. బడిలో ఆడే సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, ఆ గ్లవ్‌లో పట్టదు. బేస్‌బాల్ చుట్టుకొలత 9 అంగుళాల పైచిలుకు. నిజానికి మీ తోటలో మంచి సైజు బత్తాయి ఎంతో అంతే. రాలిన కాయలతో పిల్లవాడు విసరడం సాధన చేస్తుంటే తిట్టకండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. సాఫ్ట్‌బాల్‌లో థర్డ్ బేస్. పోయిన నెల బంతి ఎగిరి చెంపకు తగిలింది. అప్పటి నుంచి బంతి వస్తుంటే ముఖం తిప్పేస్తున్నాను. స్థానం మార్చమని అడగనా?
పేరు వద్దన్న విద్యార్థిని, నల్లగొండ

జవాబు: బిడ్డా, నా పై పెదవి మీద ఒక గీత ఉంది. మీసం దాన్ని దాస్తుంది. 1981లో పక్క జిల్లాలో బడుల పోటీలు. నేను సెకండ్ బేస్. మొరం పరిచిన మైదానం. బంతి నేరుగా, మెల్లగానే వస్తోంది. భయపడి తల ఎత్తాను, కళ్లు మూశాను. బంతి గులకరాయికి తగిలి లేచింది. మూడు కుట్లు, ముందు పన్ను కొస విరిగింది. మా సార్ దూది అద్దుతూ, “కళ్లు మూసుకున్నంత మాత్రాన బంతి దారి మార్చుకుంటుందారా” అన్నారు. అదే బంతిని తల దించి చూసి ఉంటే, లేచిన బంతి గ్లవ్‌కో ఛాతీకో తగిలేది. తల తిప్పినప్పుడే ముఖం దొరుకుతుంది.

స్థానం మార్చమని అడగవద్దు, కొంతకాలం బంతి మార్చు. రెండు వారాలు టెన్నిస్ బంతితో పట్టు. స్నేహితురాలిని పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నేల మీద దొర్లించమను. గ్లవ్ లేకుండా, ఒట్టి చేతులతో. నడుము వంచకు, బిందె ఎత్తే ముందు కూర్చున్నట్టు మోకాళ్లు వంచు. గ్లవ్ తొడిగే చేతి వేళ్లు ముందే నేలకు ఆనాలి. కింద ఉన్న చేతిని పైకి ఎత్తడం క్షణం పని. పైన ఉన్న చేతిని కిందికి దించేలోపు బంతి కాళ్ల మధ్య నుంచి పోతుంది. రెండో చెయ్యి బంతి పడగానే మూతలా రావాలి.

అసలు రహస్యం గెంతులో ఉంది. బంతి నేలకు తగిలి లేస్తున్న తొలి జానెడులో పట్టాలి, లేదా బాగా పైకి లేచి దిగుతున్నప్పుడు పట్టాలి. ఈ రెండింటి మధ్య పట్టబోతే అది చెంపను వెతుక్కుంటుంది. నీ విషయంలో జరిగింది అదే అయి ఉంటుంది. అందుకే ఉన్న చోట నిలబడి చూడకుండా, రెండడుగులు ముందుకో ఒకడుగు వెనక్కో వేసి నీకు నచ్చిన గెంతు నువ్వే ఎంచుకోవాలి. ఇంకొకటి, సాధనకు ముందు జట్టంతా వరసగా నడిచి మైదానంలో రాళ్లు ఏరండి. పది నిమిషాల పని. మా కాలంలో ఎవరికీ తట్టలేదు.

ప్రశ్న: నేను ఎడమచేతితో విసురుతాను. షార్ట్‌స్టాప్ అడిగితే మా సార్ నవ్వి ఫస్ట్ బేస్‌కు పొమ్మన్నారు. ఇది వివక్ష కాదా?
ఇంటర్ విద్యార్థి, దేవరకొండ

జవాబు: నవ్వకుండా చెప్పి ఉండాల్సింది. వివక్ష మాత్రం కాదు నాయనా. షార్ట్‌స్టాప్‌లో నిలబడితే ఫస్ట్ బేస్ నీ ఎడమ పక్కన ఉంటుంది. కుడిచేతివాడు బంతి పట్టిన ఊపులోనే ఎడమ భుజం అటు చూపి విసిరేస్తాడు. నువ్వు ఒళ్లంతా తిప్పుకోవాలి. అర సెకను పోయినా మనిషి బేస్ మీదికి చేరిపోతాడు. ఫస్ట్ బేస్‌లో లెక్క తిరగబడుతుంది. మిగతా బేస్‌లన్నీ నీ కుడి పక్కన, నీ విసురు సూటిగా పోతుంది. పైన చెప్పిన లూ గెహ్రిగ్ ఎడమచేతి ఫస్ట్ బేస్ ఆటగాడే. న్యూయార్క్ యాంకీస్ ఎడమచేతివాడు డాన్ మాటింగ్లీ ఫస్ట్ బేస్‌లో బాగా ఫీల్డింగ్ చేసినవాళ్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు తొమ్మిది తీసుకున్నాడు. అతన్ని 1986లో మూడు మ్యాచ్‌లకు థర్డ్ బేస్‌లో నిలబెట్టారు కూడా. మూడు చాలనుకున్నట్టున్నారు.

ప్రశ్న: టెక్సస్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు బేస్‌బాల్ మ్యాచ్‌కు తీసుకుపోయారు. రెండు జట్లలోనూ అందరి వీపు మీద 42 అనే ఉంది. అచ్చు తప్పా అని అడిగితే మనవడు నవ్వాడు. ఏమిటి ఆ సంగతి?
విశ్రాంత గుమస్తా, వనపర్తి

జవాబు: మీరు వెళ్లింది ఏప్రిల్ 15న అయి ఉంటుంది. 1947లో అదే రోజున జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు. అప్పటిదాకా అరవై ఏళ్లుగా మేజర్ లీగ్‌లో నల్లవాళ్లకు చోటు లేదు. వీపు మీద అంకె 42. అప్పటికే అతనికి 28 ఏళ్లు. మామూలుగా అయితే ఆటగాడు పండే వయసు, అతనికది మొదలు. ముందు ఏడాది మాంట్రియాల్‌లో సెకండ్ బేస్ ఆడి వచ్చాడు. ఇక్కడ ఆ స్థానం ఖాళీ లేక, అలవాటు లేని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టారు. ఆ రోజు ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా రాలేదు, ఒక పరుగు చేశాడు. ఏడాది తిరిగేసరికి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి, ఆ బహుమతి ఇవ్వడం అదే మొదలు. తర్వాత తన సెకండ్ బేస్‌కు చేరి, 1949లో .342 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి ప్రయత్నాలకు 342 హిట్లు) తన లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

గ్యాలరీ నుంచి వచ్చిన బూతులు, బెదిరింపు ఉత్తరాలు అందరూ రాసేవే. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నన్ను పట్టుకున్నది వేరే. ఫస్ట్ బేస్‌లో నిలబడినవాడు కాలు బేస్‌కు ఆనించి ఉంచాలి. పరుగెత్తి వచ్చేవాడి బూటు అడుగున ఇనుప ముళ్లు ఉంటాయి. కావాలని తొక్కాలనుకుంటే అంతకన్నా అనువైన చోటు లేదు. ఆ చోట, కొత్త స్థానంలో, ఏడాదంతా కాలు అక్కడే పెట్టి ఆడాడు. సెకండ్, థర్డ్, అవుట్‌ఫీల్డ్ అన్నీ తిరిగి, పది సీజన్లకు 1956లో ముగించాడు. 1972లో 53 ఏళ్లకే పోయాడు. 1997లో ఆ అంకెను అన్ని జట్లలోనూ విరమింపజేశారు. 2009 నుంచి ఏటా ఆ ఒక్క రోజు అందరూ అదే తొడుక్కుంటారు. మనవడితో చెప్పండి, తాత అడిగిన ప్రశ్న మంచిదేనని.

ప్రశ్న: కబడ్డీ, వాలీబాల్ లాంటి మన ఆటలు ఉండగా ఈ అమెరికా ఆటకు పేజీలు ఎందుకు వృథా చేస్తారు?
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: కబడ్డీ మనదే, ఒప్పుకుంటాను. సాయంత్రం మీ వీధి చివర వల కట్టి ఆడే వాలీబాల్ 1895లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టింది. వచ్చే నెల కబడ్డీ గురించే రాస్తాను.

జవాబులు ముగించబోతుండగా నకిరేకల్ నుంచి ఒక అమ్మ ఫోను చేశారు. నేను చెప్పానంటూ వాళ్ల అబ్బాయి కొత్త గ్లవ్‌కు గిన్నెడు ఆముదం పట్టించాడట, మూడు రోజులుగా ఇల్లంతా వాసనట. చెప్పింది నేనేనమ్మా. కానీ గిన్నెడు కాదు, ఒక చెంచా. మన దగ్గర మోట బొక్కెన తోలుకూ చెప్పులకూ ఆముదం రాసేవాళ్లు, నేను అక్కడే నేర్చుకున్నాను. గుడ్డ మీద వేసుకుని, వేళ్ల సందుల్లోనూ మడత పడే చోటా మాత్రమే రుద్దాలి. తర్వాత గ్లవ్ మధ్యలో బంతి పెట్టి, పాత గుడ్డతో గట్టిగా కట్టి, రాత్రికి పరుపు కింద ఉంచాలి. నాలుగు రాత్రులకు తోలు బంతి ఆకారం పడుతుంది. ఇప్పుడు ఎక్కువైన నూనెకు, పొడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే తోలు పగులుతుంది. తాడు తెగితే కొత్త గ్లవ్ అడుగుతాడు, ఇవ్వకండి. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చెప్పులు కుట్టేవాళ్లు తోలుతాడు ఎక్కించి ఇస్తారు. నా గ్లవ్‌కు రెండుసార్లు అలాగే వేయించాను.